‘ఆముదంతో క్యాన్సర్‌కు చెక్’ అని రాయకమ్మా

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లానికి రసాయన మార్పులు చేసి, అలా తయారైన పదార్థాలను క్యాన్సర్ కణాల మీద పరీక్షించిన పరిశోధన గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. వాక్యం నీకు బాగా పట్టుబడింది. శీర్షిక మాత్రం తీసెయ్.

‘ఆముదంతో క్యాన్సర్‌కు చెక్!’ అన్నది ఎవరి కంట పడుతుందో ఆలోచించు. కీమో వార్డు బయట బెంచీ మీద కూర్చున్న కొడుకు ఫోన్‌లో చదువుతాడు. సాయంత్రానికి కిరాణా కొట్లో సీసా కొంటాడు. ఆముదం తాగితే విరేచనాలయ్యేది ఆ రిసినోలిక్ ఆమ్లం వల్లే. పేగు కండరాల్లోని ఈపీ3 అనే గ్రాహకం ద్వారా అది పనిచేస్తుందని 2012లో తేలింది. కీమోతో అప్పటికే నీరసించిపోయిన అమ్మకు ఆ కొడుకు అది పట్టిస్తే? పైగా ల్యాబ్‌లో పరీక్షించింది ఆముదాన్ని కానే కాదు. ఆముదం నుంచి తీసి, మార్చి, శుద్ధి చేసిన వేరే పదార్థాలను. ఈ మాట నీ వ్యాసంలో చివరి పేరాలో ఉంది. మొదటి పేరాలోకి తీసుకురా.

తర్వాత, ప్రయోగాన్ని పాఠకుడి కళ్ల ముందు పెట్టు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్లెం. ఎనిమిది వరసలు, వరసకు పన్నెండు గుంటలు, మొత్తం 96. ఒక్కో గుంటలో కొన్ని వేల కణాలు అడుక్కి అతుక్కుని ఉంటాయి. గుంట గుంటకూ మోతాదు మార్చి పదార్థం వేసి, ఒకటి రెండు రోజులో, మూడు రోజులో 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. ఆ తర్వాత ఎంటీటీ అనే పసుపు రంగు రసాయనం కలుపుతారు. బతికి పనిచేస్తున్న కణాలు దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి. వాటిని కరిగించి, రంగు ఎంత చిక్కగా వచ్చిందో యంత్రంతో కొలుస్తారు. ఏ మోతాదు దగ్గర ఆ రంగు సగానికి పడిపోతుందో అదే నువ్వు రాసిన ఐసీ50.

ఇక్కడే జాగ్రత్త కావాలి. రంగు తగ్గిందంటే కణాలు చచ్చి ఉండొచ్చు, విభజన నెమ్మదించి ఉండొచ్చు, లేదా కణంలో శక్తి తయారీ మందగించి ఉండొచ్చు. ఏది జరిగిందో తేల్చడానికి వేరే పరీక్షలు చెయ్యాలి. పరిశోధకులు ‘పెరుగుదలను అడ్డుకుంది’ అన్నదాన్ని నువ్వు ‘కణాలను చంపేసింది’ అని రాశావు. ఆ పదార్థం రక్తంలోకి వెళ్తే సంగతి ఇంకా మారుతుంది. కొవ్వు ఆమ్లాలను రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది, శరీరం వాటిని ఇంధనంగా కాల్చేస్తుంది. కణితి దాకా చేరేది ఎంత?

ఈ చిక్కును దాటే ప్రయత్నం చేసిన కథ ఒకటుంది, అది నీ పాఠకులకు చెప్పు. స్పెయిన్‌లో, బాలియారిక్ దీవుల విశ్వవిద్యాలయంలో పాబ్లో ఎస్క్రిబా బృందం ఆలివ్ నూనెలో ఉండే ఒలీయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లపు కార్బన్ గొలుసులో రెండో కార్బన్ దగ్గర ఒక హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) తగిలించింది. మన ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లంలో అదే హైడ్రాక్సిల్ పన్నెండో కార్బన్ దగ్గర ఉంటుంది. చోటు మారగానే గుణం మారింది. రెండో కార్బన్ దగ్గర అడ్డు ఉంటే శరీరం ఆ ఆమ్లాన్ని మామూలు పద్ధతిలో తొందరగా విరగ్గొట్టలేదు. అది కణపు పొరలో చేరి, ఆ పొర కూర్పునే మారుస్తుంది. నాకైతే ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఆలోచన కనపడలేదు. క్యాన్సర్ కణాల మీద దాని ఫలితాలు 2005 నాటికే అచ్చయ్యాయి. మనుషుల్లో తొలి దశ పరీక్ష ఫలితాలు అచ్చయింది 2023లో. మధ్యలో పద్దెనిమిదేళ్లు. తొలి దశ అంటే ప్రధానంగా ఎంత మోతాదు తట్టుకోగలరో చూడటమేనని కూడా రాయి.

ఓడిపోయిన కథ కూడా రాయాలమ్మా. గామా లినోలెనిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లం ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలను బాగా దెబ్బతీసింది. 1990లలో హైదరాబాద్ నిమ్స్‌లో ఉండుర్తి దాస్ బృందం దాన్ని మెదడు కణితుల్లోకి నేరుగా ఎక్కించి చూసింది. రోగులు కొద్దిమందే, పోల్చి చూడటానికి మరో వర్గం లేదు. అదే ఆమ్లపు లిథియం లవణాన్ని విదేశాల్లో ముదిరిన క్లోమ క్యాన్సర్ ఉన్న 278 మందికి ఇచ్చారు. ఫలితాలు 2001లో వచ్చాయి. ఆయుష్షు పెరగలేదు. నరంలోకి ఎక్కువ మోతాదు ఎక్కించినవాళ్ల పరిస్థితి మిగతావాళ్లకంటే అధ్వానంగా కనిపించింది. ఇది రాస్తే వ్యాసం నీరసపడుతుందని భయపడకు. ఆ బెంచీ మీది కొడుకుకు ఇదే ఎక్కువ అవసరం.

హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో కొవ్వు ఆమ్లాల మీద ఏళ్లుగా పని జరుగుతోంది. వెళ్లి మాట్లాడు. ఆరోగ్యంగా ఉన్న మామూలు కణాల మీద కూడా ఇలాంటివి పరీక్షిస్తారా, అక్కడ ఐసీ50 ఎంత వస్తుంది, ఎలుకల దాకా వెళ్లినవి ఏమైనా ఉన్నాయా అని అడుగు. వాళ్ల జవాబులు కలిపి మళ్లీ రాసి, ఆదివారం సంచికకు ఇచ్చేముందు నాకొకసారి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు