రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు) కొన్నాను, పెద్ద సెన్సర్ కిట్ తీసుకోవాలా? ఏ ప్రాజెక్టుతో మొదలుపెట్టాలి?

పెద్ద కిట్ వద్దు. అలాంటి కిట్లు నేనూ వాడాను. వాటిలో చాలా పార్టులు ఆర్డినో అనే ఇంకో రకం బోర్డుని దృష్టిలో పెట్టుకుని చేసినవే. ఆర్డినో యూనో 5 వోల్టుల మీద నడుస్తుంది, మన రాస్ప్‌బెర్రీ పై పిన్నులేమో 3.3 వోల్టులకు మించితే తట్టుకోవు. ఫ్యూజు లాంటిదేమీ ఉండదు, పిన్ను పోతుంది, ఒక్కోసారి బోర్డే పోతుంది. అందుకే ఏ పార్టు కొన్నా నేను ముందు చూసేది ఒకటే: దాని సిగ్నల్ ఎన్ని వోల్టుల్లో వస్తుంది?

దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04నే తీసుకోండి. దాని ఎకో పిన్ను (సిగ్నల్ బయటికి వచ్చేది) 5 వోల్టులు ఇస్తుంది. 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో డివైడర్ (వోల్టేజీని పంచి తగ్గించే అమరిక) కడితే 3.3కి దిగుతుంది. నేల తేమ, వెలుతురు కొలిచే అనలాగ్ సెన్సర్లయితే (కొలతని మారే వోల్టేజీగా ఇచ్చేవి) నేరుగా పనికిరావు, రాస్ప్‌బెర్రీ పైకి అనలాగ్ ఇన్‌పుటే లేదు. ఆ వోల్టేజీని అంకెల్లోకి మార్చే ఎంసీపీ3008 చిప్ మధ్యలో పెట్టాలి. మోటారుని మాత్రం పిన్నుకి ఎప్పుడూ తగిలించకండి, డ్రైవర్ బోర్డు ఉండాల్సిందే.

ఇప్పటికి ఒక బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా పార్టులు గుచ్చే పలక), జంపర్ వైర్లు (ఒకవైపు ఫీమేల్, ఒకవైపు మేల్ ఉన్నవి), కొన్ని ఎల్‌ఈడీలు, 330 ఓమ్ రెసిస్టర్లు, రెండు మూడు పుష్ బటన్లు చాలు. 5 వోల్టులు, 3 ఆంపియర్ల మంచి అడాప్టర్ మీద మాత్రం పిసినారితనం వద్దు. స్క్రీన్ మీద మెరుపు గుర్తు వస్తోందంటే కరెంటు సరిపోవడం లేదనే.

మొదటి ప్రాజెక్టుగా ఎల్‌ఈడీ వెలిగించడం అందరూ చెప్పేదే. నన్నడిగితే షట్‌డౌన్ బటన్ చేయండి. బోర్డు మీద వరసలో 5, 6 పిన్నుల మధ్య పుష్ బటన్ పెట్టి, సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్‌లో జీపీఐఓ-షట్‌డౌన్ ఓవర్‌లే లైన్ చేరిస్తే అయిపోయింది, కోడ్ అక్కర్లేదు. అదే బటన్ నొక్కితే మళ్లీ ఆన్ కూడా అవుతుంది. ఊరికే ప్లగ్ పీకేసి ఎస్‌డీ కార్డు పాడుచేసుకునే బాధ తప్పుతుంది.

తర్వాత డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్. వాటర్‌ప్రూఫ్ ప్రోబ్ రకం కొనండి, నాది అక్వేరియంలో పడి ఉంది. డేటా వైరుకీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, డేటాని జీపీఐఓ 4కి (చిప్ లెక్కలో పిన్ను నంబరు) ఇవ్వాలి. అది బోర్డు మీద ఏడో పిన్ను. ఈ రెండు నంబర్లూ వేరని గుర్తుంచుకోండి, సగం టెన్షన్ అక్కడే వస్తుంది. రీడింగ్ సరిగ్గా 85 డిగ్రీలని వస్తే కంగారు పడకండి. పవర్ ఇవ్వగానే ఆ చిప్‌లో ఉండే డిఫాల్ట్ విలువ అది. వైరు ఎక్కడో లూజుగా ఉందేమో చూడండి.