గుంటగట్టు పెట్టెకి 5 వోల్టులు

కావలి

అల్లుడూ,

ఇందుకూరుపేట రొయ్యల గుంట కాడ నీళ్ళకి గాలి ఆడించే ఏరియేటర్లు ఆగితే ఫోన్‌కి మెసేజ్ వచ్చే పెట్టె చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా మంచి పని. రాత్రి కరెంటు పోయిన సంగతి తెల్లారి తెలిస్తే గుంటలో రొయ్య మిగలదు. అయితే నువ్వు పంపిన ఫోటోలో 12 వోల్టుల బ్యాటరీని 5కి దించడానికి 7805 అనే రెగ్యులేటర్ ఐసి కనిపించింది. అది పీకెయ్.

7805 మిగిలిన 7 వోల్టుల్ని వేడి చేసి పారేస్తుంది. ఆంపియర్ లాగితే 7 వాట్లు. రోహిణి కార్తెలో, మూతపెట్టిన పెట్టెలో ఆ వేడి ఎటు పోవాలి? బ్యాటరీ కూడా పూర్తి ఆంపియర్ ఇవ్వాలి. బక్ రెగ్యులేటర్ అయితే ఇంచుమించు అర ఆంపియర్‌తో గడిచిపోతుంది.

ఎట్టాగంటే, అది వోల్టేజిని ముక్కలు కోస్తుంది. ఎల్‌ఎం2596 అనే బక్ ఐసి లోపలి స్విచ్ సెకనుకి లక్షా యాభై వేల సార్లు పడి లేస్తుంది. అందులో నూటికి 42 వంతుల సేపు 12 వోల్టులు వదిలితే సగటు 5. ఆ ముక్కల్ని సాపు చేసేది కాయిల్. కాయిల్లో కరెంటు బరువెక్కిన బండి లాంటిది, చప్పున కదలదు, కదిలాక చప్పున ఆగదు. స్విచ్ తీసినా ఆ కరెంటు, ఒకవైపుకే దారిచ్చే డయోడ్ గుండా తిరిగి లోడ్‌కే పోతుంది. వచ్చిన 5లో కొంత రెండు రెసిస్టర్లతో విడదీసి ఐసి 4వ కాలికి అందిస్తాం. అక్కడ 1.23 వోల్టుల కంటే తగ్గితే స్విచ్ ఇంకాస్త సేపు పడుతుంది, పెరిగితే తగ్గుతుంది. బ్యాటరీ 14కి ఎక్కినా 11కి దిగినా 5 కదలదు.

చేతికందింది కదా అని మామూలు 4007 డయోడ్ వెయ్యొద్దు. ఈ వేగానికి అది మూసుకునే లోపే మళ్ళీ స్విచ్ పడుతుంది, రెండూ కాలతాయి. చప్పున మూసుకునే షాట్కీ రకం డయోడ్, 1ఎన్5822 వెయ్. కాయిల్ 3 ఆంపియర్లు మోసేది కొను. సిమ్ బోర్డు మెసేజ్ పంపేటప్పుడు క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్న కాయిల్ అయస్కాంతశక్తితో నిండిపోయి వట్టి తీగలా మారితే ఐసి ఊపిరాడక వేడెక్కుతుంది.

ఇన్‌పుట్ కండెన్సర్‌ని ఐసి కాళ్ళకి అతికినట్టు పెట్టు. డయోడ్ కూడా అంతే. ఆ చిన్న చుట్టులోనే కరెంటు తెగి తెగి పారుతుంది, ట్రాక్ పొడుగయ్యే కొద్దీ గోల పెరుగుతుంది. చూడాలంటే మీడియం వేవ్ రేడియో దగ్గర పెట్టు, బుర్రుమంటే ఇంకా దగ్గరికి జరపాలని అర్థం.

రెడీమేడ్ బక్ బోర్డయితే వోల్టేజి సర్దే స్క్రూ తిప్పి, మీటర్‌లో 5 చూశాకే సిమ్ బోర్డు తగిలించు. నేనొకసారి చూడకుండా తగిలించి, 12 వోల్టులు నేరుగా పోయి ఒక రైతు బోర్డు కాల్చేశాను. కొత్తది కొనిచ్చాను గానీ, ఆయన గుంటకి నాలుగు రాత్రులు కాపలా లేకపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సెట్ చేశాక ఆ స్క్రూ మీద చుక్క నెయిల్ పాలిష్ వెయ్, గట్టు మీద ఏరియేటర్ల అదురుకి తిరగదు.

మీ మామ