బేస్ టూల్స్ చేతికొచ్చిన అమ్మాయికి

అమ్మలూ,

డిస్ట్రోలో (లినక్స్ ఓఎస్‌ని ప్రోగ్రామ్‌లతో కలిపి అందించే కూర్పులో) బేస్ టూల్స్ చూసే టీమ్‌లోకి నిన్ను తీసుకున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. ఓఎస్ ఎక్కించగానే వచ్చేసే కమాండ్లవి. ఎవరూ ఏరికోరి పెట్టుకున్నవి కావు కాబట్టి, నువ్వు వాటిని ముట్టుకునేదాకా ఎవరికీ గుర్తుకు కూడా రావు. వచ్చే రిలీజ్‌లో పాతదొకటి తీసేసి కొత్తది పెడతావట. ఆ టూల్ మంచిచెడ్డలు నాకంటే నీకే బాగా తెలుసు. జనంతో ఎలా నెగ్గుకురావాలో మాత్రం నేను చెబుతాను.

ముందు, "దీన్ని ఇప్పుడు ఎవరూ వాడటం లేదు" అనే మాట నోట రానివ్వకు. డెబియన్ అనే డిస్ట్రోలో దానికి పాప్‌కాన్ లెక్కలు, అంటే ఏ ప్యాకేజీ ఎన్ని మెషీన్లలో ఉందో చెప్పేవి, చూపిస్తుంటారు. సరే అన్నవాళ్ల మెషీన్ల నుంచే ఆ లెక్కలు వస్తాయి. ఆఫీసు సర్వర్లలో దాన్ని ఆన్ చేసేదెవరు? 2017లో డెబియన్ 9 నుంచి నెట్‌టూల్స్ ప్యాకేజీ డిఫాల్ట్‌గా రావడం మానేసింది. నెట్‌వర్క్ చూసుకోవడానికి అందులో ఉండే ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్ కొట్టడానికి అలవాటుపడ్డ వేళ్లు ఒక్కసారి తికమకపడ్డాయి. "అదేమీ పోలేదు, ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్‌తో ఒక్క లైన్‌లో తెచ్చుకోండి" అనేవాళ్లు అన్నారు. నిజమే. కానీ ఐఎఫ్‌కాన్ఫిగ్ అవసరం పడేదే నెట్‌వర్క్ పడిపోయినప్పుడు! నెట్ లేనివాడు ప్యాకేజీ ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? దాని బదులు వాడే కొత్త ఐపీ కమాండ్ మేలైనదే, మార్చడమూ సబబే. వాడు ఏ పరిస్థితిలో ఉండగా తట్టుకుని పడతాడో ఊహించి జవాబివ్వు అంటున్నాను, అంతే.

హెచ్చరిక ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చిక్కు. 2021లో డెబియన్ అన్‌స్టేబుల్‌లో (మార్పులు ముందుగా వచ్చే రూపంలో) విచ్ కమాండ్ (ఒక ప్రోగ్రామ్ ఎక్కడుందో చెప్పేది) నడిపితే "ఇది పాతబడింది, స్క్రిప్టుల్లో కమాండ్ హైఫన్ వి వాడండి" అన్న అర్థం వచ్చే లైన్ పడటం మొదలైంది. సలహాలో తప్పేం లేదు. కానీ ఆ లైన్ కనిపించింది ఎవరికి? ఎవరో ఎప్పుడో రాసిన బిల్డ్ స్క్రిప్టుని నడుపుకుంటున్నవాళ్లకి. వాళ్లు దాన్ని మార్చలేరు, మార్చగలిగినవాడు ఆ లైన్ చూడడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టైంది. పంచాయితీ డెబియన్‌లో తగవులు తీర్చే టెక్నికల్ కమిటీ దాకా పోయింది. విచ్ డెబియన్ 12లో ఉండాల్సిందే, ఆ హెచ్చరిక తీసేయాల్సిందే అని తేల్చారు. నువ్వైతే ముందు ఆర్కైవ్ (డిస్ట్రో ప్యాకేజీలన్నీ ఉండే చోటు) మొత్తంలో ఆ కమాండ్‌ని వాడే ప్యాకేజీలు వెతికి, వాటిని చూసుకునే మెయింటైనర్లకి బగ్గులు రాయి, వీలైతే ప్యాచ్‌తో సహా. పని ఎక్కువే, కానీ సరైన చెవిన పడుతుంది.

పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 2024 మేలో డెబియన్ టెస్టింగ్ (తర్వాతి రిలీజ్‌కి సిద్ధమయ్యే రూపం) వాడేవాళ్లలో కొందరు అప్‌డేట్ చేసుకుని చూస్తే, కీపాస్‌ఎక్స్‌సీలో బ్రౌజర్‌తో కలిసి పనిచేసే సదుపాయం మాయమైంది. పాస్‌వర్డ్‌లు దాచే ప్రోగ్రామ్‌లో కోడ్ ఎంత తక్కువుంటే అంత భద్రం అన్నది మెయింటైనర్ ఆలోచన. తీసిపారేయదగ్గ వాదన కాదు. కానీ పాత పేరు కోతపడ్డ రూపానికి ఇచ్చి, అందరూ వాడుతున్న పూర్తి రూపాన్ని "ఫుల్" అనే కొత్త పేరు కిందకి తోశారు. తిట్లు వెళ్లింది అసలు ప్రోగ్రామ్ రాసినవాళ్లకి, పాపం. పాత పేరు కొట్టినవాడికి పాతదే రావాలి. చిన్నది కావాలనుకున్నవాడే కొత్త పేరు వెతుక్కుంటాడు.

ఇక ఫిర్యాదులు. అన్నీ ఒకటి కాదు. 2016లో కోర్‌యుటిల్స్ (రోజువారీ కమాండ్ల మూట) 8.25 నుంచి, ఖాళీలున్న ఫైల్ పేర్లకి, ఫైళ్ల జాబితా చూపించే ఎల్‌ఎస్ కొటేషన్ గుర్తులు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. జనం మండిపడ్డారు. అయితే అది టెర్మినల్‌లో చూసేటప్పుడే, పైపులోకి, అంటే ఇంకో కమాండ్‌కి, పంపితే పాత పద్ధతే. ఇష్టం లేనివాడికి ఎన్ అనే ఆప్షన్ ఉంది. అలాంటి గోలకి ఓపిగ్గా జవాబు చెప్పు, వెనక్కి తగ్గక్కర్లేదు.

నిజంగా భయపడాల్సింది ఎవరూ గోల చేయని తప్పుకి. ఉబుంటు 25.10లో గ్నూ కోర్‌యుటిల్స్ స్థానంలో రస్ట్ అనే భాషలో రాసినవి డిఫాల్ట్ అయ్యాయి. అందులో డేట్ కమాండ్‌కి ఆర్ ఆప్షన్ ఇస్తే ఫైల్ ఎప్పుడు మారిందో చెప్పాలి. ఆ కొత్త డేట్, ఆ ఆప్షన్‌ని కిక్కురుమనకుండా తీసుకుని, ఇప్పటి టైమ్ చెప్పింది. ఆటోమేటిక్ అప్‌డేట్‌ని చూసుకునే స్క్రిప్టు కిందటిసారి ఎప్పుడు చూశానని ఇలాగే అడుగుతుంది. "ఇప్పుడే" అని జవాబొస్తే ఇంకేం చూస్తుంది? ఎర్రర్ లేదు, లాగ్‌లో ఎరుపు లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం వాటంతట అవి రావడం ఆగిపోయాయి. తర్వాత సరిచేశారనుకో. నీ కొత్త టూల్‌కి రాని ఆప్షన్ ఏదైనా ఉంటే, ఎర్రర్ ఇచ్చి ఆగిపోనీ. తిట్టనీ. తిట్టినవాడు కనీసం చూశాడు.

ఆ తిట్టు చదవడం కూడా ఒక పనే. "మూడేళ్లుగా నడుస్తున్న బ్యాకప్ చెడగొట్టారు, ఈ చెత్త ఎవరడిగారు" అని వచ్చిందనుకో. అందులో నీకు కావాల్సిన మాట "బ్యాకప్". మిగతా దానికి జవాబివ్వకు. నేనైతే ఇలా రాస్తాను: "మీ బ్యాకప్ ముందు నడవాలి. పాత ప్యాకేజీ ఇంకా ఉంది, ఈ కమాండ్‌తో వస్తుంది. స్క్రిప్టు ఏ లైన్ దగ్గర ఆగిందో, ఏ వెర్షన్ నుంచి వచ్చారో పంపితే అసలు కారణం చూస్తాను." దారి ముందు, ప్రశ్న తర్వాత. "రిలీజ్ నోట్స్ చదవలేదా" అని మాత్రం అనకు. చదవడు. నేనూ చదవను, ఏదైనా విరిగాకే చదువుతాను.

టైమ్ సంగతి కూడా చూసుకో. ఉబుంటు వాళ్లు ఆ మార్పుని ఎక్కువ ఏళ్లు సపోర్టుండే ఎల్‌టీఎస్‌లో కాకుండా దానికి ముందు వచ్చే, తొమ్మిది నెలలే సపోర్టుండే రిలీజ్‌లో పెట్టారు. తెలివైన పని. మీ రిలీజ్‌కి ఫ్రీజ్ (కొత్త మార్పులు ఆపేసే గడువు) దగ్గరపడిందంటే ఈసారికి వదిలెయ్, టెన్షన్ పడి ఇరికించకు. ఫెడోరా డిస్ట్రోలో మార్పు ప్రతిపాదించేటప్పుడే, కుదరకపోతే వెనక్కి ఎలా వెళ్తారో కూడా రాయమంటారు. మీ దగ్గర ఆ రూలు లేకపోయినా నువ్వు రాసిపెట్టు. రాశాక నాకోసారి పంపు, ఆదివారం తీరిగ్గా చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న