ఒకే ఆయిల్‌ను రెండుసార్లు పరీక్షించి చూశారా?

ప్రశ్న: నా కారులో 5డబ్ల్యూ-30 గ్రేడు సింథటిక్ ఇంజిన్ ఆయిల్ వాడుతున్నాను. ఎనిమిది రకాల ఆయిళ్లను పోల్చిన ఒక పరీక్ష ఈమధ్య నా కంటబడింది. నాలుగు గుండ్ల యంత్రంలో అరుగుదల కొలిస్తే మొదటి స్థానంలో ఉన్న ఆయిల్‌కు 0.41 మిల్లీమీటర్లు, నేను వాడే ఆయిల్‌కు 0.49 మిల్లీమీటర్లు వచ్చిందట. నాది ఆరో స్థానంలో నిలిచింది. ఆయిల్ మార్చేయమంటారా?

జవాబు: ఆ పట్టిక ఒక్కదాన్నే నమ్ముకుని మార్చవలసిన అవసరం లేదు. ఎందుకో తెలియాలంటే ఆ యంత్రంలో ఏం జరుగుతుందో ముందు చూడాలి. 12.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మూడు ఉక్కు గుండ్లను ఒక గిన్నెలో కదలకుండా బిగించి, అవి మునిగేలా ఆయిల్ పోసి, నాలుగో గుండును వాటి మీద నొక్కిపెట్టి తిప్పుతారు. ఏఎస్‌టీఎం డీ4172 అనే ప్రమాణం ప్రకారం ఆయిల్‌ను 75 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, నిమిషానికి 1200 చుట్ల వేగంతో ఒక గంటసేపు తిప్పాలి. తరవాత కింది మూడు గుండ్ల మీద అరిగి పడిన మచ్చల వ్యాసాన్ని సూక్ష్మదర్శినిలో కొలిచి సగటు తీస్తారు. ఆ మచ్చ గీసినట్టు గుండ్రంగా ఉండదు. అందులో సన్నని చారలు ఒకే దిక్కుకు సాగి ఉంటాయి, అంచు కొన్నిచోట్ల చెదిరిపోయి ఉంటుంది. అందుకే చారల వెంట ఒకసారి, వాటికి అడ్డంగా మరోసారి కొలుస్తారు. అంచు ఎక్కడ ముగిసిందనే విషయంలో ఇద్దరు మనుషుల కళ్లు ఒకే మాట చెప్పవు.

ఈ ఇబ్బంది ఆ ప్రమాణం రాసినవారికి తెలుసు, దాచకుండా రాశారు కూడా. ఒకే మనిషి, ఒకే యంత్రం మీద, ఒకే ఆయిల్‌ను రెండుసార్లు పరీక్షించినా ఫలితాల మధ్య 0.12 మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చు. రెండు వేర్వేరు ప్రయోగశాలల్లో చేస్తే ఆ తేడా 0.28 మిల్లీమీటర్ల దాకా పోవచ్చు. మీరు చెప్పిన రెండు ఆయిళ్ల మధ్య ఉన్నది 0.08 మాత్రమే. ఒక్కో ఆయిల్‌ను ఒక్కోసారే పరీక్షించి ఉంటే, మర్నాడు మళ్లీ అదే పరీక్ష చేసినప్పుడు మొదటి స్థానం ఆరో స్థానానికి దిగినా ఆశ్చర్యం లేదు. ఒక్కోదాన్ని నాలుగైదు సార్లు పరీక్షించి, సగటుతో పాటు ఫలితాలు ఎంత చెదిరాయో కూడా ప్రకటించి ఉంటే అదే 0.08కి విలువ వచ్చేది. కాబట్టి ఏ పోలిక పట్టిక కనబడినా నేను మొదట వెతికేది మొదటి స్థానంలో ఎవరున్నారని కాదు, ఒకే ఆయిల్‌ను ఎన్నిసార్లు పరీక్షించారని. ఆ సంగతి ఎక్కడా రాయకపోతే ఒక్కసారే చేశారనుకోవడం క్షేమం.

కొలత కచ్చితంగా ఉన్నప్పటికీ మరో చిక్కు మిగులుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు, పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ బేరింగుల్లో లోహానికి లోహం తగలదు, మధ్యలో ఆయిల్ పొర షాఫ్ట్‌ను తేల్చి ఉంచుతుంది. వాల్వులను తెరిచే క్యామ్ దగ్గర, పిస్టన్ పైకి చేరి ఆగి వెనుదిరిగే చోట రింగుల దగ్గర మాత్రం రాపిడి ఎక్కువ. గుండ్ల యంత్రం ఈ రెండో పరిస్థితిని కొంతవరకు పోలుతుంది, మొదటిదాన్ని పోలదు. పైగా అందులో పోసేది కొత్త ఆయిల్. ఇంజిన్‌లో ఆయిల్‌ను పాడుచేసే మసి, కలిసిపోయే పెట్రోలు, తేమ, ఆమ్లాలు అక్కడ ఉండవు.

తిరిగే రింగు మీద లివరుతో ఒక ఉక్కు ముక్కను నొక్కి చూపించే ప్రదర్శన యంత్రాల సంగతి ఇంకా ఘోరం. క్లోరిన్ కలిసిన రసాయనాలు ఆ యంత్రం మీద అద్భుతంగా కనబడతాయి, కాని అవే ఇంజిన్ వేడికి, తేమకు ఆమ్లంగా మారి బేరింగులను తినేయగలవు. ఆ యంత్రం మీద షాంపూ కూడా మంచి మార్కులు తెచ్చుకోగలదని చెబితే, ఆ పరీక్ష దేన్ని కొలుస్తోందో మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: ఆయిళ్లను ఫ్రీజర్‌లో పెట్టి ఏది ముందు జారుతుందో, పెనం మీద కాచి ఏది ముందు పొగ చిమ్ముతుందో చూపిస్తున్నారు. కంటికి కనబడేదాన్ని కూడా నమ్మకూడదా?

జవాబు: కనబడినది నిజమే, దాని నుంచి తీసిన నిర్ణయమే నిలవదు. ఇంట్లో ఫ్రీజర్ సాధారణంగా మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. 5డబ్ల్యూ అని రాసుకోవాలంటే ఆ ఆయిల్ మైనస్ 30 దగ్గర ఇంజిన్ తిరగడానికి, మైనస్ 35 దగ్గర పంపు లాగడానికి వీలైనంత పలుచగా ఉండాలి. అంతకంటే ఎంతో తేలికైన పరీక్షలో ఒకటి రెండు క్షణాలు ముందు జారినంత మాత్రాన అది మేలైనది కాదు. పెనం విషయానికి వస్తే, పలుచని పొర, బయటి గాలి, కొలవని వేడి కలిసినప్పుడు ఏ రెండు ఆయిళ్లకూ ఒకే న్యాయం జరగదు. ఆవిరయ్యే గుణాన్ని కొలవడానికి నోయాక్ పరీక్ష ఉంది. 250 డిగ్రీల దగ్గర, కొలిచి పంపిన గాలిలో ఒక గంట ఉంచి ఎంత బరువు తగ్గిందో చూస్తారు. కార్ల తయారీదారుల తరఫున ఇంజిన్ ఆయిళ్లకు పెట్టిన ఐఎల్‌ఎస్‌ఏసీ జీఎఫ్-6 ప్రమాణంలో ఆ తగ్గుదల 15 శాతం దాటకూడదు. ఈ అంకెను చాలా కంపెనీలు తమ సాంకేతిక పత్రంలో ఇస్తాయి.

ప్రశ్న: వాడిన ఆయిల్‌ను ప్రయోగశాలకు పంపించాను. పాత ఆయిల్‌లో ఇంజిన్ అరిగి చేరిన ఇనుము పది లక్షలకు 19 భాగాలు, కొత్త రకంలో 12 భాగాలు వచ్చింది. ఇది నా సొంత ఇంజిన్ కదా, ఇంతకంటే రుజువేముంది?

జవాబు: మీ సొంత ఇంజిన్‌లో చూడాలనుకోవడం మంచి ఆలోచన. అయితే రెండు నమూనాలకూ కిలోమీటర్లు సమానమేనా, మధ్యలో ఎంత ఆయిల్ కలిపారు, ఒకటి దూర ప్రయాణాల్లో, మరొకటి ఊళ్లో ఆగి ఆగి నడిచినప్పుడు తీసినదా అన్నది చూడకుండా 19ని 12తో పోల్చలేము. కొత్త ఇంజిన్ అయితే ఏ ఆయిల్ పోసినా ఇనుము క్రమంగా తగ్గుతుంది. లోహాల పాళ్లు కొలవడానికి ప్రయోగశాలల్లో మామూలుగా వాడే స్పెక్ట్రోమీటరు అనే పరికరం కొద్ది మైక్రాన్ల లోపు రేణువులనే బాగా పట్టుకుంటుంది, పెద్ద ముక్కలు రాలుతున్నా తక్కువే చూపించవచ్చు. ఒకే ఆయిల్‌తో, ఒకే దూరానికి మూడు నాలుగు నమూనాలు తీసి, ఆ తరవాత రెండో ఆయిల్‌తోనూ అలాగే చేస్తే మీ మాటకు బలం వస్తుంది.

ప్రశ్న: మరి దేన్ని నమ్మాలి?

జవాబు: అసలు ఇంజిన్లను నడిపి చేసిన పరీక్షలను నమ్మండి. అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ పెట్టిన ఎస్‌పీ, పైన చెప్పిన జీఎఫ్-6 ప్రమాణాలు 2020లో వచ్చాయి. వాటిలో ఒక పరీక్షకు టొయోటా 1.5 లీటర్ల ఇంజిన్‌ను 200 గంటలు నడిపి క్యామ్ పరిసరాల అరుగుదలను కొలుస్తారు. మరోదానికి క్రైస్లర్ 3.6 లీటర్ల ఇంజిన్‌ను 90 గంటలపాటు నడుపుతారు, అందులో ఆయిల్ వేడి 151 డిగ్రీలు. గుండ్ల యంత్రంలోని 75 డిగ్రీలతో దీన్ని పోల్చి చూడండి. అంతకంటే ముఖ్యంగా, ఫలితం ముందే తెలిసిన ప్రామాణిక ఆయిళ్లను నడిపి, ఆ పరీక్షాస్థలం సరిగ్గా కొలుస్తోందో లేదో ఎప్పటికప్పుడు సరిచూస్తారు. విడి వ్యక్తులు చేసే పోలికల్లో నాకు ఎన్నడూ కనబడనిది ఇదే.

ఈ పరీక్షలకూ ఒక హద్దు ఉంది. ఇవి ఉత్తీర్ణత చెబుతాయి గాని ర్యాంకు చెప్పవు. గీత దాటిన రెండు ఆయిళ్లలో ఏది ఎంత ముందుందో డబ్బా మీది ప్రమాణపు ముద్ర చూసి తేల్చలేము. అయినా మీ అవసరానికి అది చాలు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు, ఏ ప్రమాణం అడిగారో చూసి, డబ్బా వెనక అదే ఉందో లేదో సరిచూసుకోండి. కారు తయారీదారు అనుమతి ఉందని రాయడం వేరు, ఆ అనుమతి అడిగే కార్లకు తగినదని రాయడం వేరు. మొదటిదాంట్లో ఆ ఆయిల్‌ను పరిశీలించి ఒప్పుకున్నది తయారీదారు. రెండోదాంట్లో ఆ మాట అంటున్నది ఆయిల్ అమ్మే కంపెనీ మాత్రమే.