మిత్రుల ఇళ్లకు కారు ప్రయాణం

ప్రశ్న: నా వయసు 64 సంవత్సరాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నాతో చదువుకున్న ముగ్గురు మిత్రులు తణుకు, రాజమహేంద్రవరం, విశాఖపట్నాలలో ఉన్నారు. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివరి వారంలో, నా శ్రీమతితో కలిసి హైదరాబాదు నుంచి కారులో వెళ్లి వారిని చూసి రావాలని ఉంది. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే, దారిలో ఇద్దరినీ పలకరించి రాత్రికి విశాఖ చేరగలమా? కారు నేనొక్కడినే నడపాలి. మా అబ్బాయి రైలులో వెళ్లమని పట్టుబడుతున్నాడు.
- ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: చేరగలరు గాని, ఎవరినీ తీరిగ్గా పలకరించలేరు. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖకు మరో 350. ఆగకుండా నడిపినా పది, పదకొండు గంటల పని. దానికి రెండు ఇళ్ల మర్యాదలు కలిస్తే, తుని దాటేసరికి చీకటి పడుతుంది, మీకు నిద్ర ముంచుకొస్తుంది. కాబట్టి రెండు రోజులు పెట్టుకుని, మొదటి రాత్రి రాజమహేంద్రవరంలో ఆగండి.

మూడింటికి బయలుదేరాలన్న ఆలోచన మానుకోండి. శరీరం నిద్ర కోరే వేళ అది. పైగా చలికాలంలో విజయవాడ రహదారి మీద పొగమంచు దట్టంగా కమ్ముకునే రోజులుంటాయి. బాగా తెల్లవారాక బయలుదేరండి. ఆ దారి తూర్పు ముఖంగా సాగుతుంది గనుక ఉదయపు ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. ముందు అద్దాన్ని బయటే కాక లోపలి వైపు కూడా శుభ్రంగా తుడవండి, లోపలి మసక పొర ఎండకు తెల్లగా మెరిసి దారి కనపడనీయదు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూపించుకోండి, స్టెప్నీతో సహా. ఫాస్టాగ్‌లో డబ్బు ఉండాలి. జాతీయ రహదారి మీద కారు మొరాయిస్తే 1033కు ఫోన్ చేయవచ్చు.

తణుకులోని మిత్రుడికి భోజనానికి కాదు, కాఫీకి వస్తున్నామని ముందే చెప్పండి. చెప్పకపోతే ఆ దంపతులు వంటలన్నీ సిద్ధం చేసుకుని ఎదురుచూస్తూ ఉంటారు, మీరేమో చిల్లకల్లు టోల్ ప్లాజా దగ్గర గడియారం చూసుకుంటూ వేగం పెంచుతారు. గోదావరి జిల్లాల వారు కొసరి కొసరి వడ్డించిన భోజనం తిని వెంటనే స్టీరింగ్ పట్టుకోవడం ఈ వయసులో ఎంతమాత్రం మంచిది కాదు. విజయవాడ ప్రాంతంలో తేలికగా తిని, కాసేపు కాళ్లు చాపుకుని, నాలుగడుగులు నడిచి బయలుదేరితే మూడు, నాలుగు గంటల మధ్య తణుకులో ఉంటారు.

ఒక జాగ్రత్త. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దారులు చీలుతాయి. నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్లే కొత్త దారి దగ్గర గనుక ఫోన్‌లోని మ్యాపు సాధారణంగా అటే చూపుతుంది, తణుకు మాత్రం తాడేపల్లిగూడెం మీదుగా వెళ్లే పాత దారిలో ఉంది. గమ్యం రాజమహేంద్రవరమని పెట్టకుండా, ముందు తణుకు అని పెట్టండి. పాత దారి ఎంచుకున్నందుకు మీకు నష్టమేమీ లేదు: సిద్ధాంతం దగ్గర వశిష్ఠను, రావులపాలెం దగ్గర గౌతమిని దాటి, రెండు పక్కలా కడియం నర్సరీల మధ్యగా రాజమహేంద్రవరం చేరతారు. రావులపాలెంలో పూతరేకులు కొనే ముందు మీ మిత్రుల్లో మధుమేహం ఎవరికుందో కనుక్కోండి. నన్నడిగితే, ఆ ఇళ్లకు కడియం నుంచి ఒక పూలకుండీ తీసుకెళ్లడమే మేలు.

మర్నాడు మిగిలేది 190 కిలోమీటర్లే. దారిలో అన్నవరంలో ఆగి దర్శనం చేసుకున్నా, మధ్యాహ్నం దాటకుండా విశాఖ చేరవచ్చు. అక్కడ మాత్రం కనీసం రెండు రాత్రులు ఉండండి, అలసట తీరకుండా తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు.

మీ అబ్బాయి భయం అర్థం లేనిదేమీ కాదు. ఆయనకు సెలవు దొరికితే విశాఖకు రైలులో వచ్చి, తిరిగి వచ్చేటప్పుడు కారు తనే నడపమనండి.