హాల్లో గోల్ఫ్ చాప, తలుపేసిన గది

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. మావారు బ్యాంకులో చేసి నిరుడు రిటైరయ్యారు. స్నేహితులు అలవాటు చేస్తే శనివారాలు గోల్కొండ వైపు గోల్ఫ్‌కి వెళ్తున్నారు. అంతవరకూ నాకేం ఇబ్బంది లేదు. నాలుగు నెలల కిందట ఇంట్లో సాధన చేసుకోవడానికని, చివర గుంట ఉన్న పదడుగుల ఆకుపచ్చ చాప ఒకటి ఆన్‌లైన్లో తెప్పించి హాల్లో పరిచారు. తెల్లారి అయిదింటికే మొదలు. టక్, గడగడ, టక్. మళ్లీ రాత్రి సరిగ్గా నా సీరియల్ టైముకి. కింది ఫ్లాటువాళ్లు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లారు. మా అత్తగారికి 84. వాకర్‌తో నడుస్తారు. మొన్న చాప అంచు తగిలి పడబోయారు. బంతి గుంటలో పడ్డప్పుడల్లా ఈయన ‘చూశావా’ అంటారు, నేను తల తిప్పను. ఒక గది మాది, ఒకటి అత్తగారిది, మూడోది అబ్బాయిది. వాడు కెనడాలో ఉంటాడు. రెండేళ్లకోసారి వస్తాడు కాబట్టి రోజూ తుడిచి తలుపేసి ఉంచుతాను. ఈయనకి మతిగానీ చలించిందా? డాక్టరుకి చూపించమంటారా?
– ఒక ఇల్లాలు, కూకట్‌పల్లి

జవాబు: మతి చలించలేదమ్మా. తిండి సయించక, నిద్ర పట్టక, ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని నేనే చెప్పేదాన్ని. మీవారు పొద్దున్నే లేస్తున్నారు, శనివారం కోసం ఎదురు చూస్తున్నారు, స్నేహితుల్లో ఉన్నారు. రిటైరైన మనిషికి ఇంతకంటే ఏం కావాలి? పొద్దస్తమానం రిమోటు పట్టుకుని, వంటింట్లోకి తొంగిచూసి ‘ఇవాళ కూరేంటి’ అని నాలుగుసార్లు అడిగే భర్తల గురించి నాకొచ్చే ఉత్తరాలు మీరు చదివితే ఆ చాపకి హారతిచ్చేవారు.

అయినా ఇదేదో పిల్లచేష్ట అనుకోకండి. పద్దెనిమిది గుంటల కోర్సుకి మామూలుగా పెట్టే లెక్క 72 దెబ్బలు. అందులో గుంటకి రెండు చొప్పున 36, గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, బంతిని మెల్లగా దొర్లించేవే. పటింగ్ అంటే అదే. సగం ఆట అక్కడే ఉంది, ఇంట్లో సాధన చేయగలిగేదీ ఆ సగమే. అసలు గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, ఒక చిన్న పూరీ అంత. ఎనిమిదడుగుల దూరం నుంచి కొడితే ప్రపంచస్థాయి ఆటగాళ్లకే రెండింట్లో ఒకటి తప్పుతుంది. ఆయన ‘చూశావా’ అన్నది ఊరికే కాదు.

ఇక మీ అత్తగారి సంగతి. ఇందులో బేరాల్లేవు. 84 ఏళ్ల మనిషి వాకర్‌తో తిరిగే దారిలో అంచు లేచిన చాప ఉండకూడదు, టైల్స్ మీద బంతి అసలే ఉండకూడదు. వాకర్ చక్రానికి బంతి అడ్డం పడిందంటే మనిషి నిలదొక్కుకోలేదు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఆవిడకీ మీకూ ఎన్ని నెలల నరకమో చూసినవాళ్లని అడగండి. పడబోయారని రాశారు. పడలేదు, అదృష్టం. ఈ మాట ఆయనతో కోపంగా కాదు, పక్కన కూర్చుని చెప్పండి. ‘నాకు సిగ్గేస్తోంది, చుట్టాలేమనుకుంటారు’ అని మొదలుపెడితే ఆయన వినరు, నేనైనా వినను. ‘అత్తయ్య పడిపోతారేమోనని భయంగా ఉంది’ అనండి. ఆవిడ ఆయన కన్నతల్లి.

చప్పుడు విషయం చిన్నదే. టక్ అనేది గుంటలో పడ్డ బంతి, గడగడమనేది ఆ బంతి వెనక్కి దొర్లుకుంటూ వచ్చే చెక్క కాలువ. గుంటలో పాత తువ్వాలు ముక్క వేస్తే బంతి అక్కడే ఆగిపోతుంది. చాప కింద జంపఖానా మడతేసి పరిస్తే కిందివాళ్లకి వినిపించేది బాగా తగ్గుతుంది. అయిదింటికి మాత్రం వద్దు, ఏడు దాటాక. రాత్రి మీ సీరియల్ అరగంట మీదే.

ఈ పేరా ఆయనకి చదివి వినిపించండి. అయ్యా, ఆ చాపల్లో చాలావాటికి గుంట దగ్గర ఎత్తు ఉంటుంది. దాన్ని ఎక్కించాలని రోజూ కాస్త గట్టిగా కొట్టడం చేతికి అలవాటవుతుంది. శనివారం అసలు గ్రీన్ మీద అదే చేతితో కొడితే బంతి గుంట దాటి పోతుంది. పదడుగులు వదిలేసి మూడడుగుల నుంచి కొట్టండి. దారిలో రెండు రూపాయి బిళ్లలు పెట్టి, మధ్య బంతి పట్టేంత సందు మాత్రం ఉంచి, వాటికి తగలకుండా పంపండి. వరసగా ఇరవై. ఒకటి తప్పితే మళ్లీ ఒకటి నుంచి. పావుగంట చాలు. గంటల తరబడి అక్కర్లేదు, హాలు అసలే అక్కర్లేదు.

మరి ఎక్కడ అంటారా? తల్లీ, ఇది మీకు నచ్చకపోవచ్చు. రెండేళ్లకోసారి వచ్చే అబ్బాయి కోసం ఒక గది రోజూ తుడిచి తలుపేస్తున్నారు. ముగ్గురు పెద్దవాళ్లూ మిగిలిన జాగాలో ఒకరి కాళ్లకి ఒకరు అడ్డం పడుతున్నారు. మీ ఉత్తరంలో ఆయన మీద అన్ని వాక్యాలున్నాయి, ఈ గది గురించి మాత్రం అదేదో ప్రకృతి ధర్మం అన్నట్టు రెండు ముక్కలు రాసి వదిలేశారు. ఆయన చాప తెచ్చిన రోజు ఆ గది తలుపు ముట్టుకునే ధైర్యం చెయ్యలేదేమో, అందుకే హాల్లో పరిచారేమో, ఒకసారి ఆలోచించండి. తల్లి మనసు నాకు తెలియనిది కాదు. దుప్పటి మార్చకండి, వాడి పుస్తకాలు కదపకండి. మంచం పక్కన అడుగున్నర వెడల్పు జాగా ఉంటే చాలు, పని అయ్యాక చాప చుట్టకుండా మంచం కిందికి తోసేయొచ్చు. చుడితే అంచులు లేచిపోతాయి. అత్తగారు ఆ గదిలోకి వెళ్లరు కాబట్టి ఆ భయమూ ఉండదు. అబ్బాయి వచ్చినప్పుడు చాప బీరువా మీదికి ఎక్కుతుంది.

ఆ గది తలుపు మాత్రం తీసే ఉంచమనండి. ‘చూశావా’ అన్నప్పుడు వంటింట్లోంచి ‘ఎన్నోది?’ అని అడగండి. మీరు చూడనక్కర్లేదు, లెక్క ఆయనే చెబుతారు.