వియన్నా వాల్ట్జ్‌లన్నీ ఒకేలా వినిపిస్తుంటే

యూట్యూబ్‌లో రెండు గంటల వాల్ట్జ్ కలెక్షన్ విన్నా అంతా ఒకే ‘ఢం-చక్-చక్’లా ఉందని, మీ ఫ్రెండ్ మాత్రం వాటికి ప్రాణమిస్తాడని రాశారు. మీ చెవిలో లోపమేమీ లేదండీ. వాల్ట్జ్‌లంటే మూడు దెబ్బల తాళంలో సాగే డాన్స్ సంగీతం, డాన్స్ హాళ్ల కోసం పుట్టినవి. వరసగా అన్ని గంటలు కూర్చుని వింటే నాకూ విసుగే.

ఒక్కటే తీసుకోండి: వియన్నా స్వరకర్త రెండో యోహాన్ స్ట్రాస్ రాసిన ‘బ్లూ డాన్యూబ్’, 1867 నాటిది. మొదట వయొలిన్లు సన్నగా వణుకుతుంటే వాటి మీద హార్న్ (ఇత్తడి బాకా) మెల్లగా పలుకుతుంది. అప్పుడే తాళం కోసం వెతకొద్దు. తర్వాత ఐదు చిన్న వాల్ట్జ్‌లు గొలుసుకట్టుగా వస్తాయి. ఒకటి అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో పట్టుకుంటూ వినండి, ‘అంతా ఒకటే’ అన్న భావన చాలావరకు పోతుంది.

ఇంకోటి, అసలు కిటుకు ఇదే. వియన్నా వాళ్లు మూడు దెబ్బల్లో రెండోదాన్ని వెంట్రుకవాసి ముందే వేస్తారు. ఎంత ముందన్నది స్వరలిపిలో ఉండదు, వాయించేవాళ్ల చేతుల్లో ఉంటుంది. మూడూ సమానంగా కొట్టే ఆర్కెస్ట్రా దగ్గర ఈ ఊపు రాదు. కలెక్షన్లలో ఏది ఎవరు వాయించారో చాలాసార్లు తెలియదు కూడా. అందుకే వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కండక్టర్ కార్లోస్ క్లైబర్ చేసిన 1989 న్యూ ఇయర్ కచేరీ వినండి.

‘తేలిక సంగీతం’ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. గంభీరమైన సింఫనీలు రాసిన బ్రామ్స్ అంతటివాడు స్ట్రాస్ కుటుంబంలో ఒకరి విసనకర్ర మీద ఈ ‘డాన్యూబ్’ స్వరాలు రాసి, ‘అయ్యో, ఇది బ్రామ్స్‌ది కాదు’ అని సంతకం చేశాడట.

అయినా నచ్చకపోతే ఫ్రెంచ్ స్వరకర్త రవేల్ ‘లా వాల్స్’ పెట్టి చూడండి. 1920లో వాల్ట్జ్‌ను తిప్పి తిప్పి చివరికి ముక్కలు చేసేశాడు. మీకు అదే నచ్చుతుందని నా అనుమానం.